మేడ మీద లిఫ్టాయన చోటు

చొక్కాలకు గుండీలు కుట్టే మనిషి కాబట్టి పేటంతా ఆమెను గుండీల అత్త అంటుంది. దర్జీ దుకాణం వెనక గదిలో, కిటికీ వెలుతురు పడే మూలన ఆమె పీట. పళ్ళ మధ్య దారం, ఒళ్ళో చొక్కా, చెవులు మాత్రం వీధిలో. ఎదురింట్లో రేడియో మోగితే చాలు, చేతిలో సూది దాని నడకనే నడిచేది. భర్త ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. ఆయన లిఫ్టాయన. ఈ ఇద్దరికీ నగల పిచ్చి లేదు, నాటకాల పిచ్చి లేదు. ఉన్నదల్లా శనివారం సాయంత్రం కచేరీ పిచ్చి.

ఆ కచేరీ హాలు తాతల కాలం నాటిది. కింద మెత్తటి కుర్చీలు, వాటికి నంబర్లు. పైన మేడ మీద చెక్క బల్లలు, వాటికి నంబర్లూ లేవు, మర్యాదలూ లేవు. ముందొచ్చి జేబురుమాలు పరిచినవాడిదే చోటు. ఎక్కీ దిగీ మెట్ల నడుములు పల్లాలు పడిపోయాయి. ఇనప స్తంభం అడ్డొచ్చి పాడే మనిషి సగమే కనబడినా, గొంతు మాత్రం కింద కుర్చీల కంటే తమకే బాగా వినిపిస్తుందని మేడవాళ్ళ గొప్ప.

గుండీల అత్త దుకాణం నుంచి తిన్నగా వచ్చి రెండు రుమాళ్ళు పరిచేది. లిఫ్టాయన డ్యూటీ దిగి, మొదటి పాట సగంలో, ఆయాసపడుతూ వచ్చేవాడు. "లోకాన్నంతా పైకెక్కిస్తాడు, తను మాత్రం ఈ నాలుగు మెట్లెక్కలేడు" అని బల్లంతా ముసిముసిగా నవ్వేది. అక్కడ ఎవరి ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. కూర్చునే చోటే మనిషికి గుర్తు.

ఆ లిఫ్టాయన ఒక మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో ఒరిగాడు. మళ్ళీ లేవలేదు.

చుట్టాలొచ్చి గుండెలు బాదుకున్నారు. గుండీల అత్త వాళ్ళకు మంచినీళ్ళు అందించింది, చాపలు పరిచింది, వెళ్ళేవాళ్ళ చెప్పులు వెతికిపెట్టింది. ఆడపడుచుకి ఒళ్ళు మండింది.

"ఏం వదినా, కంట చుక్క నీళ్ళు లేవు! మా అన్నయ్య నీకేమీ కాడా?"

"ఏడుపు రావట్లేదమ్మా, ఏం చెయ్యను?"

"అదేమన్నా బస్సా, రావట్లేదనడానికి?"

నిజానికి రానిది ఏడుపొక్కటే కాదు. ఉప్పు ఎక్కువైనా తెలియడం లేదు. సూది గుచ్చుకుంటే చొక్కా మీద రక్తపు చుక్క చూసి, ఓహో గుచ్చుకుంది కాబోలనుకునేది. తిమ్మిరెక్కిన కాలినైతే విదిలించుకుంటాం, మనసును ఎక్కడ పట్టుకుని విదిలిస్తాం? ఆ హాల్లో పాట వింటేనన్నా లోపల ఏదైనా కదులుతుందేమో, అక్కడా కదలకపోతే ఇక తను ఇంతేనేమో. ఇదొక్కటే ఆమె బెంగ. కూతురు కూడా, "వెళ్ళి రామ్మా, గోడలు చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటావు?" అని బలవంతం చేసింది. వెళ్ళింది.

వెళ్ళి, బల్ల దగ్గర సంచి తెరిచి, రెండు రుమాళ్ళు పరిచింది.

పరిచాక గానీ చూసుకోలేదు. తియ్యబోయే లోపల పక్కన దగ్గుల తాత వచ్చి కూలబడ్డాడు. కచేరీ గట్టిగా సాగినంతసేపు ఊరుకుని, గొంతు సన్నగా తగ్గిన చోట సరిగ్గా దగ్గే మనిషి ఆయన.

"ఏమ్మాయ్, ఈమధ్య నల్లపూసయ్యారు ఇద్దరూ! ఒంట్లో బాగాలేదా?"

"ఆఁ, కొంచెం" అంది. ఆ ఒక్క మాటతో చెప్పాల్సిన అదను దాటిపోయింది.

ఆ వేళ పాడేది పేరున్న గాయని. మేడ కిక్కిరిసింది. ఒక బొద్దుపాటి ఆవిడ రొప్పుతూ వచ్చి, ఖాళీ చూసి ప్రాణం లేచొచ్చినట్టు అడిగింది: "ఇక్కడెవరైనా ఉన్నారా అమ్మా?"

"వస్తారు" అంది గుండీల అత్త. నోటికి అలవాటైన మాట, అడగ్గానే వచ్చేసింది.

"ఆయనొచ్చేదాకా కూర్చుంటానమ్మా. నాకు మోకాళ్ళ నొప్పులు. మేకులు కొట్టుకుని కూర్చుండిపోతానా ఏంటి?"

దగ్గుల తాత అడ్డుకున్నాడు. "ఆ చోటు లిఫ్టాయనదమ్మా. పాట మొదలయ్యాకే వస్తాడు. ఈ మేడ మీద కూర్చున్నవాళ్ళు లేవడం నేనింతవరకూ చూళ్ళేదు."

వెనక బల్లవాళ్ళు కూడా అవునవునన్నారు. అంతమంది ఆయన చోటుకి కాపలా కాస్తుంటే గుండీల అత్త రుమాలు తియ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బొద్దుపాటి ఆవిడ పోయి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

పాట మొదలైంది. బాగా పాడుతోందని చుట్టూ ఊగుతున్న తలలే చెబుతున్నాయి. గుండీల అత్తకు మాత్రం పక్కింట్లో పాత్రలు తోముతున్నట్టుంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. "అడుగో, వస్తున్నాడు" అన్నాడు తాత. అందరితో పాటు ఆమె కూడా మెడ తిప్పి చూసింది. హాలు పనివాడెవరో కిటికీ వేసి వెళ్ళాడు. ఆమెకు దిగులు కలగలేదు. మెడ పట్టేసింది, అంతే.

రెండో పాట, మూడో పాట. గుండీల అత్త వేదిక వంక చూడడం మానేసి స్తంభం దగ్గరి కాళ్ళ వంక చూస్తోంది. ఆవిడ బరువు ఒకసారి కుడికాలి మీద, ఒకసారి ఎడమకాలి మీద వేస్తోంది. చెప్పు పట్టీ పాదంలోకి దిగబడి అటూ ఇటూ వాపు పొంగింది. పాట ఆగి చప్పట్లు మొదలవగానే గుండీల అత్త రుమాలు తీసి సంచిలో పెట్టుకుంది.

"అక్కా, వచ్చి కూర్చోండి."

"మరి లిఫ్టాయనో?" అన్నాడు తాత.

"రారు బాబాయ్."

"ఇవాళ కూడా డ్యూటీయేనా?"

"కాదు. పోయారు."

ఏడుపు ఇప్పుడొస్తుంది కాబోలని పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఏదీ రాలేదు. గడియారం చూసి టైము చెప్పినట్టే వచ్చింది ఆ మాట.

తాత దగ్గు మరిచిపోయాడు. "ఎంత మాట, తల్లీ" అని ఆమె తల మీద చెయ్యి వేసి, తీసేశాడు. కింద తర్వాతి పాట ఎత్తుకున్నారు. ఆ పాట కిందుగా కబురు బల్ల వెంట పాకింది. లిఫ్టాయన పోయాడట. ఒక్కొక్క తలా వంగుతోంది, పక్కవాడి చెవిలో చెబుతోంది, ఇటు తిరుగుతోంది. చివర కూర్చున్న బట్టతలాయన, ఎన్నడూ పలకరించి ఎరగనివాడు, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకు వచ్చాయే నీళ్ళు, నాకెందుకు రావనుకుంది గుండీల అత్త. ఆ అనుకోవడంలో కూడా రోషం లేదు.

బొద్దుపాటి ఆవిడ కూర్చుని, కాసేపటికి పాటలో మునిగి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ గుసగుసలాడింది. "ఏం గొంతమ్మా! పేగులు మెలిపెడుతోంది. నీకెలా ఉందమ్మా?"

"ఏమీ అనిపించట్లేదక్కా. పాటే కాదు, ఏదీ అనిపించట్లేదు. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇంతే."

కన్నకూతురికి కూడా చెప్పని మాట అది. అయ్యో అంటుందేమో, దేవుణ్ణి తలుచుకోమంటుందేమో అని చూసింది.

ఆవిడ ఆమె ముఖంలోకి ఒకసారి చూసింది. "ఊఁ" అంది. మళ్ళీ వేదిక వైపు తిరిగి, "కాస్త అటు జరుగు తల్లీ, మోకాలు చాపుకుంటాను" అంది.

గుండీల అత్త జరిగింది. ఆవిడ భుజం బరువుగా వచ్చి ఆమె భుజానికి ఆనింది. పాట సాగుతూనే ఉంది. ఆమె లేవకుండా, అయిపోయేదాకా కూర్చుంది.