మూగ సినిమాల పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా సాలెల వాడలో అందరూ కాస్త జంకే మనిషి మా పక్కింటి పెద్దమ్మ. భర్తతో బొంబాయి మిల్లులకు వలస వెళ్లి, అక్కడ మూగ సినిమాల్లో చేరిందట. గుర్రమెక్కి కొరడా ఝళిపించే దుర్మార్గురాలి వేషాలే ఎప్పుడూ. సినిమాలకు మాటలొచ్చాక హిందీ తిన్నగా పలకలేక వేషాలు పోయాయి, ఊరికి తిరిగొచ్చింది. ఆ సినిమాలు ఒక్కటీ చూడకపోయినా మా వాడ ఆడవాళ్లు ఆమె ఎదురైతే పక్కకు తప్పుకునేవారు.

నాకేమో నత్తి. బడిలో పద్యం చెప్పడానికి లేస్తే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేదాన్ని. పిల్లలు విరగబడి నవ్వేవారు. నా ఏడుపు చూడలేక ఒకరోజు మా బాపు అన్నాడు. "గీ బాధెందుకు బిడ్డా. రేపు గూడ గిట్లనే అయితే బడి బందువెట్టి ఇంట్ల మగ్గానికి నూలు కండెలు చుట్టు." ఆయనది ప్రేమే. కానీ నాకు బడంటే ప్రాణం.

గోడ అవతల నుంచి ఆ మాట విన్న పెద్దమ్మ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒలుస్తూ మెల్లగా తలెత్తింది. కళ్లు నా మీద నిలిచాయి. పెదవులు కదిలాయి, చప్పుడు లేదు. లేచి పారిపోదామన్నా కాళ్లు రాలేదు. ఒక్క మాట లేకుండా మనిషిని అంతగా కట్టిపడేయవచ్చని నాకప్పుడే తెలిసింది.

అంతలోనే ఆమె నవ్వింది.

"నేనేమన్ననో ఎరికేనా? గట్క తిన్నవా బిడ్డా అన్న. బొంబాయిల గూడ గంతే. మాట ఎవలికి ఇనవడదు గద. పిస్తోలు గురివెట్టి, కూర మాడుతుందిరా అని మన తెలుగుల అనేదాన్ని. జనం వణికిండ్రు. నువ్వు మాట కోసం పరేషాన్ గాకు. ముందుగాల నవ్వేటోళ్లను చూడు. సప్పుడు బందయ్యేదాక చూడు. ఆనక నీ మాట ఎప్పుడొస్తే అప్పుడు రానీ."

మరునాడు లేచి నిలబడ్డాను. నవ్వులు మొదలయ్యాయి. తొందరపడకుండా ఒక్కొక్కరినే చూశాను. ముందు వరుస నవ్వు ఆగింది, తర్వాత వెనక వరుసది. అప్పుడు పద్యం ఎత్తుకున్నాను. నత్తి వచ్చింది, మూడుచోట్ల ఆగిపోయాను కూడా. ఎవరూ నవ్వలేదు. సారు సైతం కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

బాపు మళ్లీ కండెల మాట ఎత్తలేదు. తర్వాత నేను అదే బడిలో పంతులమ్మనయ్యాను, ఏళ్లకేళ్లు పాఠాలు చెప్పాను. నత్తి మాత్రం ఈ ముసలితనంలోనూ నాతోనే ఉంది. మాట అడ్డంపడితే ఇప్పటికీ తల దించుకోను. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తాను. వాళ్లే ఆగుతారు.