బెరిల్ మరచిపోని మాట

ఏప్రిల్ వచ్చిందంటే ఆక్లాండ్ శివార్లలో, ఫ్లాట్ బుష్‌లో మా ఇంటి వెనక వీధి నుంచి బ్యూగిల్ బూర వినిపిస్తుంది. ఎవరో పిల్ల నేర్చుకుంటూ ఉంటుంది. పై స్వరానికి ఎక్కబోయి ప్రతిసారీ జారిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. మావారు విసుక్కుని కిటికీ మూస్తారు, నేను తెరుస్తాను. ఆ జారిపోయే స్వరం చెవిన పడితే నాకు బెరిల్ గుర్తొస్తుంది.

గుంటూరులో నర్సింగ్ చదివి న్యూజీలాండ్ వచ్చిన కొత్తలో, రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, నేను వెల్లింగ్టన్ పక్కన జాన్సన్‌విల్‌లో ఒక వృద్ధుల రెస్ట్ హోమ్‌లో పనిచేశాను. అక్కడ నా పైన ఉన్న ఛార్జ్ నర్స్ బెరిల్. పొడుగాటి మనిషి, అరవై దాటింది, మాట తక్కువ. నేను 'మేడమ్' అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేది. అది వేళాకోళమని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

ఏప్రిల్ ఇరవై అయిదు ఇక్కడ ఆన్జాక్ డే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ దేశపు సైనికులు, ఆస్ట్రేలియా సైనికులు కలిసి టర్కీ తీరాన గల్లిపోలిలో దిగిన రోజు అది. ఆ దాడి విఫలమైంది. నెలల తరబడి పోరాడాక, మిగిలినవాళ్ళను ఓడలెక్కించి వెనక్కి తీసుకొచ్చారు. గెలిచిన రోజును కాక ఓడిన యుద్ధాన్ని ఒక దేశం ఇంత భక్తిగా తలచుకోవడం నాకు మొదట వింతగా తోచింది. ఆ తర్వాతి యుద్ధాలకు వెళ్ళినవాళ్ళను కూడా ఆ రోజే తలచుకుంటారు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా దుకాణాలు తెరవరు. కోట్లకు ఎర్ర పాపీ పువ్వులు గుచ్చుకుని, తెల్లవారకముందే స్మారక స్తంభాల దగ్గరికి నడిచి వెళతారు.

మొదటి ఏడాది బెరిల్ నన్ను తన కారులో తీసుకెళ్ళింది. చీకట్లో అంతమంది జనం, ఒక్క దగ్గు కూడా లేదు. చనిపోయిన సైనికుల కోసం ఊదే బ్యూగిల్ మోగి ఆగింది. ఆగస్టు పదిహేనుకు జెండా ఎగరగానే చప్పట్లు కొట్టి చాక్లెట్ తీసుకున్న చేతులు కదా, టపటపా కొట్టేశాను. నా చుట్టూ ఉన్న తలలన్నీ తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాను. బెరిల్ మాత్రం అటే చూస్తూ నిలబడింది. కారెక్కాక అంది: "వచ్చే ఏడాది నీకు ఉన్ని గ్లవ్స్ తెస్తాను. కొట్టినా చప్పుడు రాదు." కారు తిప్పుతూ, తన తండ్రి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదని చెప్పింది. తనకు ఆయన ముఖం గుర్తు లేదట. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

మా దగ్గర అలెక్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. అదే యుద్ధంలో ఆఫ్రికా ఎడారిలో, ఇటలీలో పోరాడినవాడు. ఆన్జాక్ డే వచ్చినప్పుడల్లా బెరిల్ వంగి అడిగేది: "అలెక్, ఈసారి వస్తావా?" ఆయన తల అడ్డంగా ఊపేవాడు. "వద్దు. ఆ రోజు నన్ను వదిలేయండి." ఆ ఉదయం ఆయన బకెట్ పట్టుకుని పెరట్లో కంచె కింద రాలిన, జామకాయల్లాంటి ఫీజోవా పళ్ళు ఏరుకునేవాడు. ఎవరూ పలకరించేవారు కాదు.

నేను చేరిన మూడో ఏడాదికి ఆయన మతి బాగా జారిపోయింది. కూతురిని చూసి నర్సనుకునేవాడు. ఆ ఏప్రిల్‌లో ఆమె ఆయన యుద్ధపు మెడల్స్ తీసుకుని వచ్చింది.

"ఈసారి నాన్నను తీసుకెళ్తాను. ఇవి పెట్టుకోగా నేను ఒక్కసారీ చూడలేదు. ఇంకో ఏడాది ఉంటాడో లేదో."

"ఆయన వద్దన్నాడు," అంది బెరిల్.

"అది అప్పుడు. ఇప్పుడు ఆయనకు ఏమీ తెలియదు. వద్దని కూడా అనడు."

"అందుకే నేను అంటున్నాను. ఏటా నాకే చెప్పాడు. ఆయన మరచిపోయాడని నేనూ మరచిపోవాలా?"

కూతురు ఏడ్చింది, ఆపై మేనేజర్ దగ్గరికి వెళ్ళింది. కుటుంబంతో గొడవ ఎందుకని మేనేజర్ బెరిల్‌ను పిలిచి మందలించాడు. నాతో పనిచేసే సుజాత, తనదీ మా జిల్లానే, టీ గదిలో గొణిగింది: "అక్కా, పెద్దాయనకి ఏం తెలుస్తది గానీ, కూతురు అడిగినప్పుడు పంపించేస్తే సరిపోలా? ఈవిడకెందుకు పట్టుదల?" నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది. మా వైపు పెద్దవాళ్ళ విషయంలో కన్నబిడ్డల మాటే చివరి మాట.

బెరిల్ దిగిరాలేదు. సాయంత్రం కూతురిని కూర్చోబెట్టి, మెడల్స్ ఆమె కోటుకే కుడివైపున పెట్టింది. "సంపాదించినవాళ్ళు ఎడమవైపు పెట్టుకుంటారు. వాళ్ళ తరఫున వెళ్ళేవాళ్ళు కుడివైపు. నువ్వు వెళ్ళు. ఆయన్ను ఇక్కడ ఉండనీ." కూతురు లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుందని నేను అనుకోలేదు.

ఆన్జాక్ డే నాడు, తెల్లవారాక, స్మారక స్తంభం దగ్గర నుంచి ఆమె కోటుకు కుడివైపున మెడల్స్‌తో నేరుగా పెరట్లోకి వచ్చింది. అలెక్ బకెట్ పక్కన వంగి ఉన్నాడు. బెరిల్, నేను గుమ్మం దగ్గర టీ కప్పులతో నిలబడ్డాం. ఆయన లేచి, మెడల్స్ వైపు మర్యాదగా చూశాడు.

"ఎవరివమ్మా అవి?"

"మా నాన్నవి."

"తిరిగొచ్చాడా?"

కూతురు పెదవి కొరుక్కుంది. "వచ్చాడు. క్షేమంగా వచ్చాడు."

"మంచిది," అన్నాడాయన. ఒక పండు కోటుకు తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ తడి గడ్డిలోనే కూర్చుని ఆయనతోపాటు పళ్ళు ఏరడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. బెరిల్ వైపు చూడబోయాను. ఆమె అప్పటికే లోపలికి తిరిగి, ఎవరూ అడగని టీ ఇంకోటి పోస్తోంది.

అలెక్ ఆ చలికాలం దాటలేదు. తర్వాత బెరిల్ రిటైరైంది, మేము ఆక్లాండ్ మారిపోయాం. ఇప్పుడు నేనే ఛార్జ్ నర్సును. భోజనం, స్నానం, ప్రార్థన, పుట్టినరోజు కేకు, దేని గురించైనా సరే, బిడ్డలు ప్రేమతోనే వచ్చి "మా అమ్మకు ఇప్పుడేం తెలుసు, చేసేయండి" అంటారు. వాళ్ళను కూర్చోబెట్టి టీ ఇస్తాను. ఆ తర్వాత ఒకే మాట అడుగుతాను: "తెలిసిన రోజుల్లో ఏమనేది?"