మా దుప్పటి మాకే దానం

పొద్దున్నే ఫోన్‌లో ఒక ఫోటో చూసి ఒళ్లు మండింది. ఒక ముసలమ్మకు దుప్పటి ఇస్తూ ఎనిమిది మంది పెద్దమనుషులు తలా ఒక అంచు పట్టుకుని పళ్లికిలిస్తున్నారు.

కరీంనగర్ దోస్తులారా, మన చిన్నప్పటి క్లబ్బు వార్షికోత్సవం గుర్తుందా? ఆ మైకు గరగర, ఆ అత్తరు వాసన? ఒక ఏడాది బీదల సాయానికని క్లబ్బువాళ్లు మా నేతగాళ్ల వాడకొచ్చి ఇంటికొక దుప్పటి అడిగారు. మాకోసమని దాచిన ఎర్ర అంచు కొత్తది, ఇంకా గంజి వాసన పోనిది, మమ్మల్ని కన్న మా అవ్వ ఇచ్చేసింది.

"మనకన్న లేనోళ్లు కప్పుకుంటరు తియ్" అంది.

సభనాడు "బీద నేతగాడు" అంటూ మా బాపునే వేదిక మీదికి పిలిచారు. ప్రెసిడెంటు ఆయన భుజాల మీద కప్పింది మా ఎర్ర అంచు దుప్పటే!

"జర నవ్వవయ్యా, ఫోటో తీస్తుండ్రు" అన్నాడు ప్రెసిడెంటు. బాపు నవ్వలేదు.

ఇంటికొచ్చి బాపు దాన్ని మా మీద కప్పబోతే అవ్వ గుంజుకుంది.

"మనం ఇచ్చిందే మనకు బిచ్చమేసిండ్రు. నా పిల్లలకు గది కప్పకు!"

ఆ చలికాలమంతా మేం గోనెసంచుల కింద ముడుచుకుని పడుకున్నాం. క్లబ్బువాళ్ల దానం మా మేక కప్పుకుంది.