నీ వెనకాల నేనున్నా

ఎవరైనా 'నీ వెనకాల నేనున్నా' అంటే, ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.

ఇండియా వదిలి మేం స్థిరపడ్డ క్లేటన్‌లో, మా తెలుగు చర్చి సంఘానికి పెద్దగా ఉన్న అంకుల్ ఊతపదం అది. వారమంతా ఆఫీసులో కంప్యూటర్లలో వై టూ కే తేదీలు సరిచేసే పనితో తలమునకలయ్యే మనిషి, ఆదివారం మాత్రం మా యూత్ భుజాలు తట్టడానికే వచ్చినట్టుండేవారు.

నేనప్పుడు యూనిలో రెండో ఏడు. "యూత్ సండేకి వాక్యం నువ్వే చెప్పాలి. గో అహెడ్ అమ్మా, నీ వెనకాల నేనున్నా," అన్నారు. మా సంఘంలో ఆడపిల్ల వాక్యం చెప్పడం అదే మొదలు. మూడు వారాలు కూర్చుని ప్రసంగం రాసుకున్నాను. చదివి వినిపిస్తే, అంకుల్ కళ్ళు మూసుకుని ప్రతి పేరాకీ "ఆమెన్" అన్నారు.

తీరా ఆ ఆదివారం ఇండియా నుంచి ఒక పెద్ద పాస్టరుగారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అంకుల్ మైకు తీసుకుని, "ఇప్పుడు మన సిస్టర్ ఫైవ్ మినిట్స్ సాక్ష్యం చెబుతుంది," అన్నారు.

సాక్ష్యం ఎవరైనా చెప్పొచ్చు. జ్వరం తగ్గినా, వీసా వచ్చినా లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. వాక్యం వేరు, అది బైబిలు తెరిచి సంఘానికి బోధించడం. కంగారులో ఒక మాటకి ఇంకో మాట అన్నారనుకున్నాను. అంత నమ్మకం నాకు!

బైబిలు తెరిచి, "ఈ రోజు మన వాక్యభాగం..." అన్నానో లేదో, మైకు ఆగిపోయింది. వైరు ఊడిందేమోనని వెనక్కి తిరిగాను.

అంకుల్ నా వెనకాలే ఉన్నారు. ఆయన చెయ్యి స్విచ్ మీద ఉంది.