ఏమీ రాదని నిరూపించుకున్న రోజు

"నువ్వు చదువుకు పనికిరావు" అని చెప్పడానికి ఆ రోజుల్లో మా నారాయణఖేడ్‌లో ఎవరికైనా తీరిక ఉండేది, చదువు చెప్పడానికే దొరికేది కాదు. మాది ఏటా చెరుకు కొట్టడానికి కర్ణాటక పోయే ఇల్లు. నేను తిరిగి వచ్చేసరికి పాఠాలు నన్ను వదిలేసి చాలా దూరం పోయి ఉండేవి. ఆరు నుంచి ఎనిమిది దాకా చివరి బెంచీలో కూర్చున్నాను. లెక్కలు చెప్పేది హెడ్మాస్టరు గారే. ఆయన చూపు మూడో బెంచీ దాకా వచ్చి అక్కడే అలిసిపోయేది (ఎవరిని తప్పుపట్టగలం, పెద్ద బడి, చిన్న కళ్లజోడు). నన్ను కూడా ఒక ప్రశ్న అడుగుతారేమోనని మూడేళ్లు చూసి, తొమ్మిదిలో బడి మానేశాను. మానేసిన సంగతి బడికి తెలిసినట్టు లేదు.

కొన్నాళ్లకు చర్చి పక్కన రేకుల గదిలో నాలాంటి వాళ్ల కోసం ఒక కేంద్రం తెరిచారు. బడి మానేసినవాళ్లు అక్కడ చదువుకుని ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయొచ్చు. పాఠాలు చెప్పేది కల్హేర్ నుంచి వచ్చే ఒకామె. అందరం అక్క అనే పిలిచేవాళ్లం. గంట లేదు, బెంచీలు లేవు, అన్నిటికంటే అనుమానించాల్సిన విషయం, బెత్తం లేదు. చాపల మీద గుండ్రంగా కూర్చుని కందిపప్పు కొలుస్తూ భిన్నాలు నేర్చుకునేవాళ్లం. మా అవ్వకు (మా ఇంట్లో అమ్మను అవ్వ అనే అంటాం) ఈ పద్ధతి బొత్తిగా నచ్చలేదు. "ఇంట్ల చేసే పనే గాడ చేస్తే గది బడెట్లయితదే? నాలుగు దెబ్బలన్న కొట్టుమని చెప్పు మీ అక్కకు" అనేది. అయినా పంపింది. షరతు ఒక్కటే: కేంద్రం నడిచినన్నాళ్లు చదువు, అది మూతబడితే దసరా దాటగానే కత్తి పట్టుకుని చెరుకు తోటకు. అందువల్ల ఆ కేంద్రం క్షేమం గురించి నాకున్నంత దిగులు దాన్ని పెట్టినవాళ్లకు కూడా ఉండి ఉండదు.

ఒకరోజు పై ఆఫీసు నుంచి తనిఖీకి సారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయనను తీసుకురావడానికి అక్క బస్టాండుకు పోయింది. ఆ కాస్త సందులో మా అవ్వ బోరింగు దగ్గర తల్లులందరినీ కూడగట్టింది. "సారొస్తుండంటే పిల్లలు గిట్లనే ఉంటరా? మంచిగ బడి పిల్లల లెక్క కనబడాలె!" అంది. ఇంత మంచి ఆలోచనకు ఏ తల్లి అడ్డు చెబుతుంది? ట్రంకు పెట్టెలు తెరుచుకున్నాయి. బడికి పోయే తమ్ముళ్ల, చెల్లెళ్ల రెండో జత యూనిఫాంలు బయటికొచ్చాయి. ఆటో నడుపుతూ మాతో చదువుకునే స్టీరింగన్న తమ్ముడి చొక్కాలో దూరాడు గానీ గుండీలు ఒప్పుకోలేదు. నేను నా పాత యూనిఫాంలో ఇరుక్కున్నాను, చంకల దగ్గర అది పర్రుమంది. అవ్వ నాకు రెండు జడలు వేసి, నాలుగడుగులు వెనక్కి పోయి చూసుకుని మురిసిపోయింది.

తనిఖీ సారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన వెనక అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏంటమ్మా ఇది? బడి మానేసిన పిల్లల కేంద్రమన్నారు, అందరూ బడి పిల్లలే ఉన్నారు. పక్క బడి నుంచి తెచ్చి కూర్చోబెట్టారా? ఇట్లాంటివి నడవనివ్వను, మూసేయిస్తా."

ఇక చూడండి మా అవస్థ. మేం మొద్దులమని ఊరంతా ఏళ్ల తరబడి ఉచితంగా చాటింది, తీరా అవసరం పడ్డప్పుడు ఒక్క సాక్షి దొరకలేదు. "నేను ఎనిమిదిల ఫెయిల్ సార్, అవ్వతోడు" అన్నాడు స్టీరింగన్న, మీసం మీద చెయ్యేసి. (మీసాలున్న బడి పిల్లలను ఆయన చాలామందినే చూసి ఉంటారు, చలించలేదు.) మా అవ్వ నన్ను ముందుకు తోసింది. "మా పిల్లకు ఏం రాదు సార్. కావాలంటే అడుగుండ్రి!"

"అరకు పావు కలిపితే ఎంత?" అన్నారు సారు.

"ముప్పావు" అనేశాను. నోరాగలేదు, పొద్దున్నే కదా పప్పు కొలిచింది. అవ్వ వీపు మీద గట్టిగా గిల్లింది. సరైన జవాబు చెప్పి శిక్ష పొందిన మొదటి విద్యార్థిని నేనే అయ్యుంటాను.

సారు ఆ యూనిఫాం ఏ బడిదో కనుక్కుని హెడ్మాస్టరుకు ఫోన్ చేశారు. స్కూటరు మీద జల్దీగా వచ్చి దిగింది ఎవరనుకున్నారు, మూడేళ్లు నాకు లెక్కలు చెప్పినాయనే. ఆయన "మా పిల్లలే" అన్నారంటే మా కేంద్రం ఖతం, నా చదువు ఖతం. ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చి నా ముందు ఆగారు. గుర్తుపట్టొద్దు ప్రభువా అని లోపల ప్రార్థన చేస్తున్నాను. నిజం చెప్పాలంటే గుర్తుపడితే బాగుండునని అంతకంటే ఎక్కువగా ఉంది.

"గీ పిల్లనా? నేనెన్నడు సూడలే సార్" అన్నారాయన.

గెలిచాను, ఎగిరి గంతెయ్యాలి. నాకేమో ఏడుపొచ్చింది. "ఏంది సార్ గట్లంటరు? మూడేండ్లు మీ క్లాసులనే కూసున్న!" అని అరిచాను. అవ్వ నెత్తి కొట్టుకుంది. అక్క కళ్లు మూసుకుంది. చేతికొచ్చిన కేంద్రాన్ని నా నోటితో నేనే ముంచాను.

మమ్మల్ని కాపాడింది హెడ్మాస్టరు గారి పౌరుషమే. "నా క్లాసుల ఉంటే నాకెర్కుండదా? మా బడిల ఒక్క పిల్ల గూడ బడి మానలే. గీ మొఖాలు ఎవలియో నాకు తెల్వదు. బట్టలంటరా, బజార్ల ఎవలన్న కొనుక్కుంటరు. రాసుకోండ్రి సార్!" అన్నారు. సారు రాసుకున్నారు. కేంద్రం నిలబడింది, ఆ దసరాకు అవ్వావాళ్లు నన్ను అక్క దగ్గర విడిచి చెరుకుకు పోయారు. పదో తరగతి పాసయ్యాను.

ఆ సర్టిఫికెట్టు పుణ్యాన ఇప్పుడు బస్సు కండక్టరును. హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు, అప్పుడప్పుడు కంగ్టి బస్సులో కనబడతారు. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు నన్ను చూపించి, "గీ పిల్ల నా స్టూడెంటే, చిన్నప్పటిసంది మస్తు హుషారు" అంటారు. ఈ ముక్క ఆ రోజే అని ఉంటే నేనివాళ చెరుకు తోటలో ఉండేదాన్నని చెబుదామని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. కానీ ఏం చెప్పను, ఇంత వయసొచ్చినా ఆ మాట వినగానే సిగ్గులేకుండా సంతోషపడిపోతాను.