పల్చగా వేసిన గుండె కణాలు

2007 జూన్‌లో నన్ను హైదరాబాదు నుంచి జగ్గయ్యపేట ప్రయోగశాలకు సీనియర్ సైంటిస్టుగా వేశారు. నందిగామ వైపు రోడ్డు మీద చిన్న కట్టడం. బయట సిమెంటు దుమ్ము, లోపల నేను, ఒక అటెండరు. పేరుకు సీనియర్నే గాని నా కింద జూనియర్లెవరూ లేరు.

మా పని హైడ్రోజెల్ మీద. పెప్టైడ్లంటే ప్రోటీన్ల చిన్న ముక్కలు. కొన్ని రకాలు కాస్త ఉప్పునీరు తగిలితే చాలు, వాటంతట అవే దారాలుగా అల్లుకుని నీటిని పట్టుకుంటాయి. తాటిముంజలాంటి జెల్ తయారవుతుంది. అందులో కంటికి కనపడని కార్బన్ గొట్టాలు కలిపితే జెల్‌కు బలం వస్తుంది, విద్యుత్తూ పారుతుంది. ఎలుక గుండె కణాలు అందులో బతికి కొట్టుకుంటే, ఎప్పటికైనా దెబ్బతిన్న గుండెకు అతుకు వేయవచ్చునని ఆశ.

కణాలు హైదరాబాదు నుంచి కారులో వచ్చేవి. దొరికేవే తక్కువ కనుక పల్చగా వేసి ఎక్కువ గిన్నెలకు సర్దమని, తేడా చూసుకోవడానికి పెట్టే కార్బన్ లేని పోలిక గిన్నె మానేయమని డైరెక్టరు గారి ఆదేశం. వేసిన కణాలు వేసినట్టే చచ్చిపోయేవి. తప్పు కార్బన్‌దేనని ఆయన తేల్చేశారు. "ఇంకొక్క బ్యాచ్ చూద్దాం మేడమ్. రాకపోతే ఆపేద్దాం" అన్నారు ఫోన్‌లో. ఆపేస్తే నా మూడేళ్ల పని అక్కడితో సరి.

ఆ ఊళ్లో నాకు తెలిసిన మనిషి ఇంటి యజమానురాలు రాజ్యలక్ష్మి గారొక్కరే. బజారులో కిరాణా హోల్‌సేల్ వాళ్లది. నేను పై వాటాలో ఉండేదాన్ని. ఆదివారమొస్తే భోజనానికి పిలిచేవారు. పనుందని తప్పించుకునేదాన్ని. మాట్లాడే అలవాటు కూడా పోతోందని తెలుస్తూనే ఉండేది.

పాత గిన్నెలను పారేసే ముందు మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక మూల కొన్ని కణాలు గుంపుగా పడ్డాయి. అక్కడ మాత్రం ఇంకా కొట్టుకుంటున్నాయి. కణాలు వదిలే పదార్థాలే పక్క కణాలకు ఆసరా. మేం వాటిని ఒకదానికొకటి అందనంత దూరంలో వేస్తున్నాం.

ఆఖరి బ్యాచ్‌ను రెండే గిన్నెల్లో దట్టంగా వేశాను. ఒకదాంట్లో కార్బన్ ఉంది, ఒకదాంట్లో లేదు. అడిగితే ఒప్పుకోరని డైరెక్టరు గారికి చెప్పలేదు.

ఆదివారం ఉదయానికి రెండింటిలోనూ కణాలు బతికే ఉన్నాయి. కార్బన్ లేనిచోట దేని దారి దానిదే. కార్బన్ ఉన్నచోట అన్నీ ఒక్కసారే కొట్టుకుంటున్నాయి. ఫోన్ చేస్తే డైరెక్టరు గారు ఫొటోలు పంపమని పెట్టేశారు. అటెండరుకు సెలవు. చూపించడానికి పక్కన మనిషి లేడు. జగ్గయ్యపేటలో నాకు అన్నిటికంటే కష్టమనిపించిన పూట అదే.

ఇంటికొస్తే రాజ్యలక్ష్మి గారు గుమ్మంలో ఉన్నారు. "ఒక్కదానివీ ఏం వండుకుంటావమ్మా, రా" అన్నారు. వెళ్లాను. అన్నం తింటూ అంతా చెప్పాను.

"మరి ఇన్నాళ్లూ వాటిని విడివిడిగా ఎందుకు పెట్టారమ్మా?"

పొదుపు కోసమండీ అన్నాను. ఆవిడ మరో గరిటెడు పప్పు వేశారు.

తర్వాత ఎక్కడ పనిచేసినా నేను రెండు నియమాలు తప్పలేదు. పోలిక గిన్నెను మానకూడదు. కణాలు చాలనప్పుడు గిన్నెలు తగ్గించుకోవాలి గాని గిన్నెలో కణాలను తగ్గించకూడదు.