రాకురో అన్నది మా చిన్నమ్మే

మొన్న సాయంత్రం గండిపేట దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, అద్దాలు దించుకున్న కారొకటి నా ముందు నుంచి నెమ్మదిగా వెళ్ళింది. లోపల కాలేజీ పిల్లలు. పాట ఎంత గట్టిగా పెట్టారంటే కారు తలుపులు కూడా దడదడలాడుతున్నాయి. "జీపు మీద వచ్చేటోడ, చేతి గడియారపోడ..." అని వాళ్ళూ గొంతులు కలిపి అరుస్తున్నారు. నా పక్కన నిలబడిన అమ్మాయి బస్సు రాలేదన్న విసుగు మరిచిపోయి కాలితో తాళం వేసింది. ఈమధ్య మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా ఆ పాట మోగని పెళ్ళి లేదు, ఊరేగింపు లేదు. పాటలోని జీపాయన ఎవరో, అతన్ని "రారో" అని పిలుస్తున్న పిల్ల ఎవరో ఆ కారులోని వాళ్ళకు తెలియదు. అది వాళ్ళ తప్పు కాదు. నాకు మాత్రం ఆ పాట ఎక్కడ వినబడినా ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ పిల్ల మా చిన్నమ్మ. ఆమె ఆ జీపాయనను రమ్మని ఎన్నడూ అనలేదు.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. మా ప్రార్థన మందిరంలో ఆమె పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు ఊరికే పెదాలు కదిపితే సరిపోయేది. ప్రసంగం మరీ సాగదీస్తున్నాడనిపిస్తే పాస్టరుగారి వైపు చూసి గట్టిగా దగ్గేది; రెండోసారి దగ్గిందంటే ఆయనే ముగించేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆమె కనకమామిడి వైపు పూల తోటల్లో కూలికి వెళ్ళేది. బంతి, చామంతి, కాలాన్ని బట్టి గులాబి. బంతిపూలు తెంపిన చేతికి ఒక ఘాటు వాసన పడుతుంది. సబ్బుకు లొంగదు, అన్నం కలిపితే ముద్దలోకి కూడా వస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్ళందరి చేతులూ అప్పట్లో అదే వాసన. తెంపుతూ తెంపుతూ చిన్నమ్మ పాటలు కట్టేది. రాని బస్సు మీద ఒకటి, కూలీలను అదిలించే మేస్త్రీ బొజ్జ మీద ఒకటి, మా నాన్న గురక మీద ఒకటి. నాన్న గురక పాట మా నాన్నే అందరికంటే ఎక్కువగా పాడుకునేవాడు. నేనప్పటికి ఇంకా బడి ముఖం చూడని పిల్లను. ఇప్పుడు చెప్పబోయేది అమ్మ చెప్పగా విన్నది, ఆ తర్వాత చిన్నమ్మ "మీ అమ్మకు సగమే యాదికున్నది" అంటూ సరిదిద్దినది.

ఆ తోటలు ఒక పటేలుగారివి. ఆయనకు ఒక్కడే కొడుకు; ఆ కొడుక్కి కొత్త జీపు, చేతికి మెరిసే గడియారం. ఆ కొడుకు పొద్దున్నే జీపు తెచ్చి సరిగ్గా చిన్నమ్మ పూలు తెంపే చోటే ఆపేవాడు. దూపవుతున్నదని నీళ్ళడిగేవాడు. మా ఇళ్ళల్లో ఎన్నడూ నీళ్ళు ముట్టని ఇంటివాడికి మా చిన్నమ్మ ఎదురుగా వచ్చేసరికి మాత్రం దాహం ముంచుకొచ్చేది. ఒకరోజు, "ఎండలెందుకు, మా ఇంట్ల పనికి రారాదు" అన్నాడట. ఆమె రానంది. మర్నాడు మళ్ళీ అడిగాడు. అతని మీద ఎవరికి చెప్పుకోవాలి? మా తాత సాగు చేసుకునే చెక్క కూడా వాళ్ళ దగ్గర కౌలుకు తీసుకున్నదే. చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయేసరికి చిన్నమ్మ పాట కట్టింది:

"జీపు మీద వచ్చేటోడ, చేతి గడియారపోడ,
బంతిపూల మడిల నీకు బాట లేదురో,
రాకురో మా వాడకు, రాకురో.
దూప దూప అంటవేమొ, బాయి నీదె ఉన్నదిరో,
ముంత ఎత్తి పొయ్యనీకి మనసు లేదురో,
రాకురో మా వాడకు, రాకురో."

ఆ పక్క రోజు జీపు వచ్చి ఆగగానే ఒక సాలులో చిన్నమ్మ ఎత్తుకుంది. మిగతా సాళ్ళలో ఆడవాళ్ళు తలలు ఎత్తకుండా, చేతులు ఆపకుండా అందుకున్నారు. మడంతా "రాకురో" అంటుంటే అతను జీపు వెనక్కి తిప్పుకుని పోయాడు. మళ్ళీ రాలేదు. కానీ ఆ వారమే మా తాత కౌలు పోయింది. మా వాళ్ళెవరినీ తోటలోకి రానివ్వలేదు. ఇంట్లో గంజి పలచబడింది. తాత చిన్నమ్మను తిట్టలేదు గానీ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. చివరికి ఆమె చేవెళ్ళ వెళ్ళి దవాఖానలో ఆయాగా చేరింది. అక్కడే పెళ్ళి, పిల్లలు, పింఛను. పాట మాత్రం పూల గంపలతో పాటు ట్రాలీలెక్కి ఊళ్ళు తిరిగింది.

ఆ పాటను మేం మళ్ళీ విన్నది మా మేనకోడలి పెళ్ళిలో, చేవెళ్ళ ఫంక్షన్ హాల్లో. డీజే పెట్టగానే పిల్లలంతా లేచారు. నా పక్కన బిర్యానీ తింటున్న చిన్నమ్మ ముందు మురిసిపోయింది. "బిడ్డా, నా పాటే!" అంది. తర్వాత చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. పాటలో ఒకమ్మాయి గొంతు గోముగా, "బంతిపూల మడిల నీకు బాట వేస్తిరో, రారో మా వాడకు, రారో" అంటోంది. చిన్నమ్మ ఎంగిలి చేత్తోనే డీజే దగ్గరికి వెళ్ళింది. "బంద్ చెయ్యి" అంది. సౌండు ఎక్కువైందనుకుని అతను కాస్త తగ్గించాడు. "సౌండు కాదు కొడుకా, పాట తప్పున్నది" అంటే, "అవ్వా, అది ఇప్పుడు ట్రెండింగ్" అన్నాడు. నేను ఫోన్‌లో వెతికి చూశాను. పాట కింద రచన, స్వరం అని ఒక కుర్రవాడి పేరుంది. చదివి వినిపించాను. ఆమె చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి కూర్చుంది. "పేరు లేకుంటె లేకపాయె. రాకు అన్నదాన్ని రా అన్నట్టు చేస్తరా బిడ్డా? అట్ల రమ్మనేదుంటె మా బాపు కౌలెందుకు పోతుండె?" అంది.

మర్నాడు మా పక్కింటి పిల్ల చిన్నమ్మను మా వాకిట్లో కూర్చోబెట్టి అసలు పాట పాడించి, ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టింది. మా వాళ్ళంతా చూసుకుని సంబరపడుతుండగానే అది మాయమైంది. ఈ పాట హక్కులు మావి అని ఆ పాటల కంపెనీ తీయించేసిందట. తన పాట తాను పాడుకుంటే దొంగతనమైందని తెలిసి చిన్నమ్మ పడీపడీ నవ్వింది. నవ్వాక, "ఫోన్ కలుపు" అంది. కంపెనీ ఆయన మర్యాదస్తుడే. "మేడమ్, అది జానపదం కదా, ఎవరిదీ కాదు. కావాలంటే సేకరణ అని మీ పేరు వేస్తాం. ఫంక్షన్‌కి పిలిచి శాలువా కప్పుతాం" అన్నాడు.

"సేకరించనీకి నేనేమన్న అడివిల దొరికిన సీతాఫలాన్నా?" అంది చిన్నమ్మ. "శాలువ మా ఇంట్ల ఉన్నది. రాసింది నేను. నేనే రాసిన్నని పెట్టు, రాకురో అని పెట్టు."

"మీరే రాశారనడానికి రుజువు ఉండాలి కదమ్మా?"

ఆమె నా వైపు చూసింది. ఆనాటి సాళ్ళలో ఆమెతో పాటు పాడిన వాళ్ళలో కొందరు పోయారు, మిగిలిన వాళ్ళ సాక్ష్యం చుట్టాల సాక్ష్యం అంటారు. ఫోన్ దగ్గరికి లాక్కుని అంది: "ఉన్నది. పాట ఎవలి మీద కట్టిన్నో ఆయన ఇంకా బతికే ఉన్నడు."

అలా ఒక ఆదివారం ప్రార్థన కాగానే నన్ను వెంటబెట్టుకుని కనకమామిడిలో ఆ ఇంటికి బయల్దేరింది. పూల తోటలు ఉన్నచోట ఇప్పుడు పట్నపోళ్ళ ఫామ్‌హౌజ్‌ల గోడలు. పటేలు కొడుకు కాస్తా తానే పటేలై, సర్పంచ్ చేసి, జుట్టు నెరిసి వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఈమెను చూడగానే గుర్తుపట్టి లేచాడు.

"కూసో చెల్లె" అన్నాడు.

"ఇప్పుడు చెల్లెనైననా పటేలా?" అంటూనే చిన్నమ్మ ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆయన భార్య లోపలి నుంచి చాయ్ తెచ్చింది, వాళ్ళు తాగే కప్పుల్లోనే. చిన్నమ్మ ఆ కప్పును అటూ ఇటూ తిప్పి చూసి మరీ తాగింది. వచ్చిన పని చెప్పింది. అక్కడే ఉన్న వాళ్ళబ్బాయి ఫోన్ పక్కన పెట్టి, "బాపు, ఎలక్షన్ల ముంగట ఈ లొల్లి మనకెందుకు? ఊరంత నవ్వుతరు" అన్నాడు. అతను అప్పుడు సర్పంచ్‌గా నిలబడుతున్నాడు. పటేలుగారు పేపరు మడత పెడుతూ, విప్పుతూ ఉండిపోయాడు. ఊరకుండనిది ఆయన భార్యే. "నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు బియ్యం ఏరుకుంట ఆ పాటే పాడిన. మంచిగున్నదని కూలోళ్ళ దగ్గర నేర్చుకున్న. మా అత్త ఉరికొచ్చి నా నోరు మూసింది. అప్పుడు తెల్సింది ఆ జీపు ఎవలిదో. ఇన్నేండ్ల సంది నాకు తెల్సు, ఊరికి తెల్సు. ఇప్పుడు కొత్తగ పొయ్యేటి ఇజ్జతేమున్నది?" అంది. పటేలుగారు చిన్నమ్మ వైపు కాకుండా గేటు వైపు చూస్తూ, "ఎప్పుడు పోవాలె?" అని అడిగాడు.

ఆ పాటకు రెండో భాగం తీస్తున్నారని, జన్వాడలో ఒక ఫామ్‌హౌజ్‌లో షూటింగ్ అని కంపెనీ ఆయనే చెప్పాడు. వెళ్ళేసరికి అద్దెకు తెచ్చిన జీపుకు బంతిపూల దండలు కట్టి ఉన్నాయి. ఒకప్పుడు చుట్టూ అన్ని పూలు పండిన చోట ప్లాస్టిక్ బంతిపూలు! చిన్నమ్మ ఒకటి తెంపి వాసన చూసి పక్కన పారేసింది. కంపెనీ ఆయన, పాట రాశానన్న కుర్రవాడు, పాడిన అమ్మాయి, డాన్సు పిల్లలు అంతా మా చుట్టూ చేరారు. పటేలుగారు ఎన్నికల సభలో మాట్లాడినట్టు గొంతు సవరించుకున్నాడు గానీ మాట సన్నగా వచ్చింది.

"ఆ జీపు నాదే. గడియారం నాదే. పూలు తెంపే మనిషిని నేను సతాయించిన. రావద్దన్నది, నేను వినలె. గందుకే ఈమె పాట కట్టింది. ఆ పాటకు మా నాయిన వాళ్ళ కౌలు గుంజుకున్నడు. నేను చూసుకుంట ఊకున్న. గిది గూడ రాసుకోండ్రి."

ఆ కుర్రవాడు తల దించుకుని, "మా నానమ్మ పాడేది. కనకమామిడి తోటల్ల పూలు తెంపేదట" అన్నాడు. చిన్నమ్మ ఆమె పేరడిగింది. వినగానే ముఖం విప్పారింది. "నా పక్క సాలే! మరి ఆమె రాకు అనే పాడి ఉండాలె గద?" అంది. "అవునమ్మా. డ్యూయెట్‌కు కుదరదని నేనే మార్చిన" అన్నాడు. కంపెనీ ఆయన త్వరగా తేలినందుకు సంతోషించి, "సరే మేడమ్, రేపే రచన అని మీ పేరు పెట్టేస్తాం. మాటలు మాత్రం మార్చలేం, జనంలోకి అట్లే వెళ్ళిపోయింది" అన్నాడు. ఇక ఇంటికి వెళ్ళొచ్చని నేను సంచీ భుజానికి వేసుకున్నాను. చిన్నమ్మ కదల్లేదు.

"వద్దు" అంది. "ఆ రారో కింద నా పేరు పెట్టకు. ముందుగాల నా మాట పెట్టు, తర్వాత నా పేరు పెట్టు."

ఇంత దూరం వచ్చి పేరు వద్దనడమేమిటని కంపెనీ ఆయనకు అర్థం కాలేదు. పాడిన అమ్మాయికి అర్థమైంది. ఆమె మైకు పక్కన పెట్టి వచ్చి చిన్నమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మమ్మా, నాకు అసలుది నేర్పు. నేను పాడుత" అంది. ఆ జీపు పక్కనే చిన్నమ్మ ఎత్తుకుంటే ఆ అమ్మాయి అందుకుంది. "గోముగ అనకు బిడ్డా, గట్టిగ అను. వాడు జీపు తిప్పాలె" అని సరిదిద్దుతుంటే, పటేలుగారు కాస్త దూరంగా నిలబడి మొత్తం విన్నాడు. వెళ్ళేముందు చిన్నమ్మకు దండం పెట్టాడు. ఆమె తల ఊపింది. పర్వాలేదు అనలేదు. ఎందుకనలేదని దారిలో అడిగితే, "పర్వ ఉన్నది గద" అంది.

అసలు పాట వేరుగా వచ్చింది. కింద రచన అని చిన్నమ్మ పూర్తి పేరు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడితే మళ్ళీ ఫోన్ చేసి సరిచేయించింది. జనం దాన్ని తక్కువే విన్నారు; "రారో" ముందు అది నిలబడలేదు, నిలబడుతుందని మేమూ అనుకోలేదు. పటేలుగారి కొడుకు సర్పంచ్‌గా గెలిచాడు. ఓడి ఉంటే ఆ నింద కూడా మా చిన్నమ్మ పాట మీదే పడేది. ఇప్పుడు మా వైపు పెళ్ళిళ్ళలో డీజే ఆ పాట పెట్టినప్పుడు, స్పీకరు రారో అన్నచోటల్లా మా వాడ ఆడవాళ్ళు దాని నోరు మూయించేలా "రాకురో" అని అరుస్తారు. కుర్చీలో కూర్చున్న చిన్నమ్మ గొంతు ఇప్పటికీ అందరికంటే పైన వినబడుతుంది.

కాలం పాటను ఎంత దూరమైనా మోసుకుపోతుంది గానీ, దారిలో జారిపోయిన మాట కోసం అది వెనక్కి రాదు. ఆ మాట అన్న మనిషి మన మధ్య ఉండగానే మనమే వెళ్ళి తెచ్చుకోవాలి.